ఒడ్డుకు కట్టేసిన ఓడ

జూన్ 3, సోమవారం
డయాలసిస్‌కు నల్లగొండ పోయి వచ్చాం. మిషన్ పక్కన పడుకుని ఈయన కవిత రాశాడట! జీవితమంతా బస్సు నడిపిన మనిషి. "పంతులమ్మా, జర దిద్దు" అని కాగితం నా ఒళ్లో పడేశాడు. తెలుగు టీచరుగా రిటైరైనా ఎర్ర పెన్ను వదలలేదని ఎగతాళి.

ఒడ్డుకు కట్టేసిన ఓడ
గాలి మంచిగుంది
తెరచాప మడిచి పెట్టిండ్రు
గాలి మంచిగుంది
తాడు గట్టిది
ఇడువదు

సముద్రం చూసింది ఒక్కసారి, చీరాలలో. అప్పుడూ ఇసుకలో కూర్చుని తిరుగు బస్సు గురించే మాట్లాడాడు. ఈ ఓడ ఎక్కడి నుంచి వచ్చిందో!

జూన్ 4
బాగుంది. ఒప్పుకోక తప్పదు. చివరికొచ్చేసరికి కవిత పాదాలు పొట్టివవుతున్నాయి. "గాలి మంచిగుంది" రెండుసార్లు... మూడోసారి కోసం చెవి ఎదురుచూస్తుంది. రాలేదు. క్లాసులో అయితే చెప్పేదాన్ని — కవి చెప్పకుండా వదిలింది చూడండర్రా, అసలు మాట అక్కడుంటుంది.
ఓడ ఈయనే. గాలి పిలుస్తోంది. పోవాలనుకుంటున్నాడా? భయమేస్తోంది.

జూన్ 5
డయాలసిస్‌కు వచ్చాడు. నర్సుతో నవ్వాడు, నాతో మాట్లాడలేదు. తాడంటే ఆ మిషన్ గొట్టాలే అయ్యుంటాయి. అట్లా అనుకుంటే ఎంత హాయి.

జూన్ 6
అడిగేశాను. అన్నం కలుపుతూ, ముఖం చూడకుండా.
"తాడంటే గా గొట్టాలేనా?"
"గొట్టాలైతే నర్సమ్మ ఇప్పుతది గద."
"మరి?"
"నువ్వేనే."
పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఈయనే మళ్లీ అన్నాడు:
"పానం ఇసిగింది. నువ్వు సరే అంటె డయాలసిస్ బంజేస్త. వద్దంటె వస్త."
"బంజేస్తె బతుకవని డాక్టరు సారు చెప్పలే?"
"ఎరికే."
కంచం తోసేసి లేచాను. ఎంతమంది పిల్లలకు ఎన్ని ప్రతీకలు విప్పి చెప్పాను! ఒక్కటీ నా మెడకు చుట్టుకోలేదు ఇంతవరకు. పెరట్లో నిలబడి ఏడ్చాను. నాకు ఈయన కావాలి. ఎట్లా ఉన్నా సరే, కావాలి. ఇది ప్రేమో, నా స్వార్థమో... దేవుడికే తెలియాలి.

జూన్ 7, శుక్రవారం
ఆటో వచ్చింది. గేటు దగ్గర ఆటో అతను హారన్ కొడుతున్నాడు. తువ్వాలు, టిఫిన్ డబ్బా సర్దేశాను. ఈయన మంచం దిగలేదు. కళ్లు తెరిచే ఉన్నాడు.
"ఏం జెప్తవే?" అన్నాడు, మెల్లగా.
లేవమంటే లేస్తాడు. నాకు తెలుసు, నా కోసం లేస్తాడు. అందుకే నోరు రావడం లేదు...