నువ్వు చెప్పిన కార్డు కాదు

బావమరిదీ,

ఇంట్లో మన ఫైళ్లన్నీ దాచే సర్వర్‌కి డిస్కులు తగిలించే కార్డు కొన్నాను, కానీ నువ్వు చెప్పింది కాదు. ఫోన్లో చెబితే వాదనకు దిగుతావని ఉత్తరం రాస్తున్నాను.

దాని బోర్డు మీద హార్డ్ డిస్కులు తగిలించే చోట్లన్నీ నిండిపోయాయి కాబట్టి కార్డు తప్పదు. అంతవరకు మనిద్దరిదీ ఒకే మాట. "డిస్కులన్నిటినీ కలిపి ఒక్కటిగా చూపించే కార్డు తీసుకో బావా, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు" అన్నావు. నిజమే, పని తేలిక. కానీ అలా కలిపాక ఏ డిస్కునూ విడిగా తీసుకెళ్లి చదవలేం. కార్డు పాడైతే మళ్లీ అలాంటి కార్డే వెతుక్కోవాలి.

నేను కొన్నదానికి అంత తెలివి లేదు. ఏ డిస్కును ఆ డిస్కుగానే ఉంచుతుంది. తెగ వేడెక్కుతోందని దాని మీదికి చిన్న ఫ్యాన్ కట్టాను. సర్వర్ పెట్టిన చెప్పుల అలమరలోంచి ఇప్పుడు ఒకటే రొద. మీ అక్క తలుపు తీసి చూసి, "నా డిస్కులేవి?" అంది. చూపించాను. వాటికి పచ్చ టేపు అంటించుకుంది.

తను ఎడిట్ చేసిన డాక్యుమెంటరీలన్నీ వాటిలోకి మార్చాను. రేపు తను ఎక్కడున్నా, ఏ మెషిన్‌కి తగిలించినా తెరుచుకుంటాయి, నన్ను అడగాల్సిన పని ఉండదు. మా పెళ్లి వీడియో తన డిస్కుల్లో వెయ్యాలా, నా వాటిలోనా అని అడిగితే, "రెండిట్లోనూ ఉంచు" అంది.

మా ఇద్దరి విషయం మీ అక్క నీకింకా ఏమీ చెప్పినట్టు లేదు. చెప్పినప్పుడు ఈ ఉత్తరం సంగతి ఎత్తకు, అప్పుడే వింటున్నట్టు ఉండు. ఆ తర్వాత నన్ను ఏమని పిలుస్తావో నీ ఇష్టం.

ఇప్పటికైతే,
మీ బావ