బాబాయి సీలు పడిన ఒప్పందం

నవంబరు 12, మంగళవారం

అనువాదాల ఆఫీసులో ముప్పై ఏళ్లు నలిగిన బాబాయిగారికి అన్నగారి అమ్మాయి నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. మీ సీలు కూడా క్షేమమే. ఈ పొద్దున్నే అది నన్ను వెతుక్కుంటూ మా గది గుమ్మం దాకా వచ్చింది.

ఆ సీలున్న ఒప్పందం తెచ్చినవాడు మా కింది వాటా క్రేన్ డ్రైవరు. పరదేశంలో ఓడరేవు ఉద్యోగమట, రేపు పది గంటలకు ఏజెంటు ముందు సంతకమట. నువ్వేదో అరబిక్ చదువుతున్నావటగా అమ్మాయ్, ఆ ఊరి పేరు ఎలా పలకాలో చెప్పు చాలు, మిగతాదంతా సీలేసిన తెలుగులో ఉంది అన్నాడు.

నేను యూనివర్సిటీలో అరబిక్ తీసుకుంటానన్న రోజు గుర్తుందా? భోజనాల దగ్గర చెయ్యి గాలిలో ఆపి, ఏమ్మా, ఆ చదువుతో నాలుగు లాభాలు చెప్పు, నా కుర్చీ నీకిచ్చేస్తా అన్నారు. అందరూ నవ్వారు. నేను నీళ్లు నమిలాను.

మీ బోర్డు మీద ‘అసలుకు తగ్గ నకలు’ అని ఉంది కదా. అసలూ నకలూ రెండూ అరబిక్ నుంచి వచ్చిన మాటలే. వకీలు, జవాబు, దాఖలు కూడా. మొదటి వారంలో ఇది విని, అన్నం తింటూ కూడా ఆ మాటలనే చప్పరించాను. ముప్పై ఏళ్లు వాటి కిందే కూర్చుని, ఎక్కడివని మీరు ఒక్కసారీ అడగలేదు. అడిగితే పని ఆగిపోతుంది కాబోలు.

మీ పని నాకు తెలియనిదా? అరబిక్ ఒప్పందం రాగానే బీరువాలోంచి పాత అనువాదం బయటికొస్తుంది. ఎప్పుడో ఒక పెద్దాయన చేసిపెట్టి పోయిన పేజీ. పేరూ తేదీ ఊరూ మార్చి సీలు కొడతారు. అన్నీ ఒకటేనమ్మా, చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే అంటారు.

డ్రైవర్ని కుర్చీలో కూర్చోబెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని అరబిక్ పేజీ చదివాను. మీ తెలుగులో క్రేన్ పని, రెండేళ్లు. అరబిక్‌లో సరుకు మోసే పని, ఐదేళ్లు. అంకెలు మాకు రెండో వారం పాఠం బాబాయ్! అయినా నన్ను నేను నమ్మక మా అరబిక్ మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ రెండుసార్లు చదివి, ఈ అనువాదం ఎవరిది అని అడిగారు. మా బాబాయిది అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నా చేత కొత్త అనువాదం రాయించి సరిచూశారు.

డ్రైవరు కూతురు ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఐదేళ్లంటే పిల్ల బడికి కూడా వెళ్లిపోతుంది కదమ్మా అన్నాడు. కాగితం తిప్పి చూసి, మరి ఇంత పెద్ద సీలుందే అన్నాడు.

మీకు ఫోన్ చేస్తే, నాలుగు నెలలు చదివి నాకే పాఠాలా, ఇన్నేళ్లలో ఒక్కడైనా వెనక్కొచ్చి అడిగాడా అన్నారు. అక్కడ ఇరుక్కున్నవాడు వెనక్కొచ్చి ఎలా అడుగుతాడు బాబాయ్?

నాలుగు లాభాలు నాకింకా దొరకలేదు. ఒక్కటి దొరికింది: కాగితం మీద ఏముందో తెలుస్తుంది. మీ కుర్చీ మీరే ఉంచుకోండి. అందులో కూర్చుంటే చదవక్కర్లేదనిపిస్తుందేమోనని భయం.

ఇట్లు,
భోజనాల దగ్గర నోరు పెగలని
మీ అన్న కూతురు

తా.క.: ఇంతసేపూ మిమ్మల్నే అన్నాను. ఆ తెలుగు పేజీ అడుగున, మూలన, టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలు ఉన్నాయి. అవి నావి. పోయిన నెల సెలవుల్లో మీకు సాయానికి వచ్చి పాత పేజీలో పేరు మార్చింది నేనే. ఈ డ్రైవర్ని అందరం క్రేనన్న అనే పిలుస్తాం, అసలు పేరు ఈరోజు దాకా నాకు తెలియదు. అరబిక్ కాగితం నా మోచేతి కిందే ఉంది. అప్పటికే అంకెలు వచ్చు. ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఆ వారం అలా పదకొండు చేశాను. రేపు పొద్దున మీరు షట్టరు ఎత్తే వేళకు డ్రైవర్ని, మేడమ్ సరిచూసిన అనువాదాన్ని వెంటబెట్టుకుని వస్తాను. ముందు ఇతనిది మార్చాలి. తర్వాత బీరువా తాళం ఇవ్వండి, మిగతా పదీ చదవాలి.