అసలు అడ్డు రాలేదు

చెల్లీ ఇన్‌హ్వా,

ఫోను ఎత్తడం లేదని ఒసాకాలో కూర్చుని నన్ను తిట్టుకుంటున్నావని తెలుసు. ఆ గంట మోగితే నా తలలో ఎవరో తెడ్డు పెట్టి కలిపినట్టుంటుంది. అందుకే తీగ పీకేసి, ఫోను పాడైందని ఊరంతా చెప్పాను. మూడో తరగతి దాటని చేత్తో రాస్తున్నాను, తప్పులు దిద్దుకుని చదువుకో.

వానలకు ముందు రేవు రాళ్ల మీద జారి తల పగలగొట్టుకున్నాను కదా. గాయం మానింది, జుట్టు మొలిచింది, నొప్పి మాత్రం చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసిన మనిషిలా కదలడం లేదు. ఆసుపత్రి వాళ్లు సరేనంటే తప్ప నత్తలు ఏరడానికి నన్ను సముద్రంలో మునగనివ్వనని మా మునకల జట్టు పెద్ద చున్‌గిల్ అక్క పట్టుబట్టింది.

నిన్న పట్నం ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ ప్యో అనే పిల్ల ఉంది. నొప్పి మన రోజువారీ బతుకుని ఎంత పాడు చేస్తోందో కొలవడం తన పనట. తక్కెడ ఎక్కడ దాచావే అంటే నవ్వింది. కొలవడమంటే ప్రశ్నలేనట.

"పిన్నీ, పోయిన వారంలో నొప్పి నీ ఇంటిపనులకి ఎంత అడ్డొచ్చింది? అసలు లేదా, కొంచెమా, బాగానా?"

"అడ్డు రావడానికి అదేమన్నా నా ఆడపడుచా? అసలు లేదు."

"నలుగురిలో కలవడానికి?"

"అసలు లేదు."

"సరదాలకి?"

"నన్ను చూస్తే సరదా తగ్గినదానిలా ఉన్నానా?"

ఆ పిల్ల కడుపుబ్బ నవ్వుకుంటూ అన్నిటికీ సున్నాలు చుట్టింది. ఆ సున్నాలు చూసి డాక్టరు మునగొచ్చని కాగితం రాసిచ్చాడు.

నీకొక్కదానికే చెబుతున్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు, అదే నా గడుసుతనం. మూత కిందపడ్డ చప్పుడుకి వాంతి చేసుకున్నప్పటి నుంచి పొయ్యి వెలిగించడం మానేశాను. పక్కింటి నుంచి వచ్చే చల్లటి బార్లీ అన్నంలో నీళ్లు పోసుకుని మింగుతున్నాను. ఇక వంటకి అడ్డేముంది? తల దువ్వను, టోపీ పెట్టుకుంటాను. కిటికీలకి దుప్పట్లు కట్టేశాను. గడప దాటను. నొప్పి వచ్చి దేనికి అడ్డం పడదామా అని చూస్తే ఇంట్లో పనంటూ ఒకటి మిగిలి ఉంటే కదా.

అయినా నీళ్లలో మునిగే ఆడవాళ్లం తలనొప్పిని నొప్పిలో ఎప్పుడు జమ కట్టాం? దిగేముందు తలనొప్పి పొడి వేసుకోవడం మనకి మొహం కడుక్కోవడం లాంటిది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ వేసుకుంటాను. కింద చప్పుడుండదు, ఎండ ఉండదు. నాకు ఊపిరాడే చోటు అదొక్కటే చెల్లీ. ఎల్లుండి దిగుతున్నాను. ఎవరికీ చెప్పకు.

నీ మొండి అక్క,
మల్‌సున్

*

ఇన్‌హ్వా తల్లీ,

దిగొద్దని రాశావు. ఆ ఉత్తరం చేరేసరికే దిగేశాను.

అడుగున రాతికి కరుచుకున్న నత్తని పీకుతుంటే తలలో ఏదో చిట్లినట్టయింది. పైనేదో కిందేదో తెలియలేదు. పైకి వస్తున్నాననుకుంటూ ఇంకా లోతుకి ఈదానట. నాకు జంటగా దిగిన ఓక్‌దాన్ అప్పటికే బిగబట్టిన ఊపిరి అయిపోయి పైకి పోతోంది. నన్ను చూసి, నీటి ఒత్తిడికి చెవులు సర్దుకోవడానికైనా ఆగకుండా వెనక్కి మునిగి, నా నడుం పట్టీ పట్టుకుని లాగింది. ఒడ్డుకి చేరాక దాని ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. ఆ చెవి ఇక వినపడదన్నారు.

ఆసుపత్రికి వెళ్లి, నవ్విద్దామని, "పోనీలేవే, ఇక నీ మొగుడి తిట్లు సగమే వినపడతాయి" అన్నాను.

అది నవ్వలేదు. "నీ తల నీ ఇష్టం మల్‌సునా. నా చెవి ఎవర్నడిగి తీసుకున్నావే?" అంది.

అట్నుంచటే ప్యో గదికి వెళ్లి, ఆ సున్నాలన్నీ కొట్టేయమన్నాను. మానేసిన పనులు ఒక్కొక్కటే చెప్పాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

"అడ్డొచ్చిందా అన్నావు గానీ, ఏం మానేశావని అడిగావా?" అన్నాను. అంతలోనే నాకే సిగ్గేసింది. అది కూడా గడుసు మాటే కదా. "దాచానే పిల్లా" అని ఒప్పుకున్నాను.

చున్‌గిల్ అక్కకి కూడా నేనే చెప్పాను. ఇక ఈ జన్మకి నాకు సముద్రం లేదు. ఒడ్డున మంట చూసుకుంటూ కూర్చోమంది.

ఇవాళ కూర్చున్నాను. గాలిలో, అలల్లో అరిచి అరిచి మా వాళ్ల గొంతులు ఎలా ఉంటాయో నీకు తెలుసు. నీళ్లలోంచి వచ్చి మంట చుట్టూ చేరగానే చున్‌గిల్ అక్క నా తలవైపు చూపి, పెదాల మీద వేలు పెట్టింది. అందరూ గుసగుసలు మొదలుపెట్టారు. చేతకాలేదు పాపం. ఇద్దరు చేతులు తిప్పుకుంటూ చప్పుడు లేకుండా పోట్లాడుకున్నారు. ఓక్‌దాన్‌కి మిగిలిన ఒక్క చెవితో ఆ గుసగుసలేమీ వినపడక, "ఏంటీ? ఏమంటున్నారే?" అని కేక పెట్టింది. అందరూ ఒక్కసారే ఉష్ అన్నారు. అది బిక్కమొహం వేసుకుని చుట్టూ చూసింది. ఆ కేకకి నా తల రెండు చెక్కలైనట్టయింది. టోపీ ముందుకి లాక్కున్నాను.

కాసేపటికి అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. నేనేమన్నా వినపడకుండా, పోయిన చెవి నావైపు పెట్టి కూర్చుంది. క్షమించమని ఆ చెవికే చెప్పాను. చేతులు మంటకి చాపుకుని అలాగే కూర్చుంది, లేచి వెళ్లలేదు.

నీ అక్క,
మల్‌సున్