థింసాలో చక్కిలిగింత

మరదలు గంగకు, నీ వదిన రాస్తున్నది. ఫోన్‌లో చెబితే ఇదీ నా వేళాకోళమే అనుకుని నవ్వి పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను.

మొన్న పండగ థింసా ఆటలో వరసలో నీ వీపు వెనక నుంచి చెయ్యి వేసి, ఎప్పటిలాగే చంకలో చక్కిలిగింత పెట్టాను. నువ్వు ఎగిరిపడి నవ్వావు. నా వేలికి మాత్రం పనసపిక్కంత గడ్డ తగిలింది. అడిగితే, "నొప్పేటీ లేదు. ఆ రొమ్ము జబ్బు కొండ కిందోళ్లది వదినా, సోడంబలి తాగే మనకేటి?" అన్నావు.

నేనూ సరేననుకున్నాను. కానీ నా వేలు ఊరుకోలేదు. ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మను అడిగాను. "ఒక్కో జాతి ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఒక్కోలా ఉంటుంది, ఒక్కో వయసులో వస్తుంది. అసలు రాని జాతి లేదు. చంకలో గడ్డ కూడా దానికి గుర్తు కావచ్చు. ప్రతి గడ్డా అదే కాదు గానీ, చూస్తేనే తెలుస్తుంది. తీసుకురండి" అంది.

సోమవారం జీపులో నీకు ముందు సీటు ఆపించాను. కాఫీ పళ్లు కొమ్మ మీదే ఉండనీ. రాకపోయావో, నీ గుమ్మంలో కూర్చుని శోకాలు పెడతాను. నీ మొగుడు నిన్ను కొట్టాడని ఊరంతా అనుకుంటుంది.

భయమేస్తే నా చెయ్యి పట్టుకో. వచ్చే పండక్కీ నా పక్కన నువ్వే నిలబడాలి గంగా. మిగతావాళ్లకు చక్కిలిగింత పెడితే తిడతారు.