బ్రేక్‌డౌన్ అని రాసింది నేనే

నవంబర్ 3, సోమవారం
ప్రమోషన్ పరీక్షకు ఇంగ్లీషు కావాలట. రోజుకో మాట రాసుకోమని నా కూతురు ఐశ్వర్య ఈ డైరీ కొనిచ్చింది. పదమూడేళ్లుగా బస్సు కండక్టర్ని. నాకు వచ్చిన ఇంగ్లీషంతా బస్సులోదే. అందుకని మొదటి మాట బ్రేక్‌డౌన్. అర్థం: బండి ఉన్నట్టుండి దారిలో నిలిచిపోవడం. స్పెల్లింగ్ డిక్షనరీ చూడకుండా రాశాను. నామీద నాకే ముచ్చటేసింది.

నవంబర్ 4
కరెంటు పోయింది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే బ్రేక్‌డౌన్ అన్నాడు. ఐశ్వర్య కెమిస్ట్రీ పుస్తకం మూసేసి, నాకు నెర్వస్ బ్రేక్‌డౌన్ వచ్చేటట్టుండాది మా అంది. ఆ వెంటనే, మామూలుగా తినేదానికంటే రెండు దోసెలు ఎక్కువ తినింది. వచ్చే సూచనలేమీ నాకు కనిపించలేదు. డిక్షనరీలో ఇంకో అర్థం కూడా ఉంది, ఒక మొత్తాన్ని విడివిడిగా విప్పి చెప్పడం. అది మా డిపోలో ఎవరూ చేయరు.

నవంబర్ 6, గురువారం, సాయంత్రం 6
జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

పీలేరు నుంచి తిరుపతి వస్తున్నాం. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమని జీరో టికెట్లు కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పి. డ్రైవర్ దామోదరన్న. అరవై ఒక్కేళ్లు, రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంట్ లేదు. భాకరాపేట ఘాటు రోడ్డు దిగబోయే ముందు బస్సును పక్కకు తీసి ఆపేశాడు. ముందుకు పోయి చూస్తే చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. షుగర్ పడిపోయినట్టుండాదమ్మా, పొద్దున తినకుండా బండెక్కినా, కండ్లు తిరగతా ఉండాయి, ఎవురికీ చెప్పబాక అన్నాడు.

నాకే ఆకలని అబద్ధమాడి ఒక బిడ్డతల్లి దగ్గర బిస్కెట్లు అడుక్కున్నాను. ఆయన నోట్లో పెట్టి కిందికి దిగాను. కానుగ కొమ్మలు విరిచి బస్సు వెనక రోడ్డుమీద వేశాను. టైర్ల కింద రాళ్లు పెట్టాను. రోడ్డుమీద కొమ్మ పడిందంటే బండి చెడిందని అర్థం, ఇక ఎవరూ ఏమీ అడగరు. అడగలేదు కూడా.

నలభై నిమిషాలకు తేరుకున్నాడు. కొమ్మలు, రాళ్లు తీసేశాను. నెమ్మదిగా బస్సును ఘాటు దించాడు. వెనక యాభై మంది. ఆ మలుపుల్లో నా ప్రాణం నాలో లేదు.

డిపోలో కాగితమిచ్చారు. ఆలస్యానికి కారణం: బ్రేక్‌డౌన్. స్పెల్లింగ్ కరెక్టే.

నవంబర్ 7
దామోదరన్న భార్య చంద్రకాంతమ్మ ఓళిగలు, అవే బొబ్బట్లు, పంపింది. ఎందుకని అడగలేదు. తిన్నాను. చాలా బాగున్నాయి.

నవంబర్ 10, సోమవారం
మెకానిక్ మునికృష్ణకు మెమో వచ్చింది. ఆ బస్సు ఆయన చేతి కింద ఉండేది. శుక్రవారం నుంచి విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. ఏ జబ్బూ దొరకలేదు. దొరకకపోవడమే ఆయన తప్పయింది. బుధవారం ఎంక్వయిరీ. ఇంక్రిమెంట్ ఆగిపోతుందంట.

నన్ను చూసి దగ్గరికొచ్చాడు. ఆగేముందు సద్దేమన్నా వచ్చిందా అక్కా, యాడనుంచి వచ్చిందో గుర్తు చేసుకో అని బతిమాలాడు. నేను గేర్‌బాక్స్ వైపు చెయ్యి చూపించాను. పాపిష్టిదాన్ని.

నవంబర్ 11, మధ్యాహ్నం
పాపం, గేర్‌బాక్స్ మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచి కూర్చున్నాడు.

చూడలేక క్యాంటీన్లో దామోదరన్నను పట్టుకున్నాను. నిజం చెబితే స్టీరింగు ముట్టనియ్యరు, ఏడు నెలలే గదమ్మా, పోనీలే అన్నాడు. నాకు కోపం వచ్చింది. నీ ఏడు నెలల కోసం ఆ అబ్బి మెమో మొయ్యాలా, ఘాట్లో మళ్లీ కండ్లు తిరిగితే బస్సులో ఉండే యాభై మందికి ఏం చెప్తావన్నా అని అడిగేశాను. ఆయన టీ అలాగే వదిలేసి లేచిపోయాడు. ఆయనంటే నాకు ఇష్టం. అన్నందుకు బాధగా ఉంది. అయినా రేపు చెప్పేస్తాను. నాకూ మెమో ఇస్తే ఇవ్వనీ.

నవంబర్ 12, బుధవారం
మేనేజర్ మొదట నన్నే అడిగారు. బండికి ఏమైంది అని. నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి దామోదరన్న లేచాడు. బండికేమీ కాల్యా సార్, అయింది నాకు అన్నాడు. ఆ యమ్మి నా మాట కాదనలేక రాసింది, మునికృష్ణ తప్పేమీ లేదు అన్నాడు. జేబులోనుంచి షుగర్ మాత్రల చీటీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

మునికృష్ణ తిడతాడనుకున్నాను. ఇప్పుడు బాగుండాదా అన్నా అని అడిగాడు. తర్వాత నావైపు తిరిగి, రెండు దినాలు గేర్‌బాక్స్‌తో కొట్లాడినా కదక్కా అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆయన మెమో రద్దు. నాకొకటి ఇచ్చారు. దామోదరన్నను డ్రైవింగ్ నుంచి తప్పించారు. మెమో చదివి ఐశ్వర్య ఇంగ్లీషులో రెండు తప్పులు పట్టింది. హాయిగా నిద్ర వస్తోంది.

నవంబర్ 24
దామోదరన్నకు రిటైరయ్యేదాకా బస్టాండులో మైకు డ్యూటీ. పీలేరు బండిని పిలిచేటప్పుడు మాత్రం గొంతు కొంచెం ఎక్కువ సాగదీస్తాడు. రోజూ టిఫిన్ తిన్నాకే మైకు పట్టుకోవాలని మునికృష్ణ ఆర్డరు. మెమో నుంచి బయటపడినవాడి పెత్తనం చూడాలి.

డిసెంబర్ 1, సోమవారం
దామోదరన్న పీలేరులో నా బస్సెక్కాడు, ప్యాసింజరుగా. కొత్త డ్రైవర్ వెనక సీటు. ఘాటు మొదలయ్యింది. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడికాలు ఖాళీ నేలను తొక్కి పట్టింది. నేను చూడనట్టే ఉన్నాను.

ఘాటు దిగేసరికి ఆయన చెప్పు తెగింది.