కొరికిన రొట్టె

వ్యోమగాములను నేలకు చేర్చే దళం అధికారిగారికి,

మీ నౌక మా మేతబీడులో దిగి గొర్రెలను బెదరగొట్టినందుకు మన్నించమని రాశారు. గొర్రెల మాట వదిలేయండి. అవి పిడుగుకూ బెదురుతాయి, తుమ్ముకూ బెదురుతాయి. నా కోపం వేరే.

చెప్పకుండా వచ్చినవాణ్ణి దేవుడు పంపిన అతిథి అంటాం, మేం కజక్కులం. ఇక ఆకాశంలో నెలల తరబడి తిరిగి తిన్నగా మా ఇంటి ముందే దిగినవాణ్ణి ఏమనాలి? పొయ్యి మీది రొట్టె పట్టుకుని పరిగెత్తాను. పాలిపోయిన ముఖంతో, దుప్పటి కప్పుకుని నౌక పక్కనే కుర్చీలో ఉన్నాడు మీ వ్యోమగామి.

"తిను నాయనా, ఒక్క ముక్క కొరికినా చాలు" అన్నాను. నవ్వి, కొరికాడు.

"ఏమ్మా, వాణ్ణి చంపుతావా? కక్కుకుంటాడు!" అని మీ డాక్టరు అరిచి, రొట్టెను లాక్కుని నా చేతిలో కుక్కాడు. మరుక్షణం అతన్ని హెలికాప్టరు ఎక్కించేశారు.

"పోనీలేవే, వాళ్ళకేం తెలుసు" అంటాడు మా ఆయన సెయిల్ఖాన్. ఎందుకు తెలియదు? ఇన్నేళ్ళుగా దిగుతున్నది మా నేల మీదే కదా!

దూరం వెళ్ళే కొడుకు కొరికిన రొట్టెను మేము దాచిపెడతాం. వాడు తిరిగొచ్చి మిగతాది తినేదాకా ఎవరూ ముట్టరు. ఇప్పుడు ఆ రొట్టె మా గుమ్మం పక్కన వేలాడుతోంది. అంటే అతను అతిథి కూడా కాదు, ఈ ఇంటి కొడుకు.

ఆకాశం నుంచి దింపగలిగారు, నాలుగడుగుల్లో ఉన్న గుమ్మం ఎక్కించలేకపోయారా?

కాళ్ళకు బలం రాగానే పంపండి. రొట్టె ఎండిపోయి ఉంటుందని సాకు చెప్పకండి. టీలో ముంచుకు తింటాడు.

ఆ రొట్టె కాల్చిన మనిషి