పదిహేడో నంబరు నీటిచుక్క తొలగింపు గురించి

ప్రాంతీయ పార్కుల అధికారి గారి సముఖమునకు,
హార్‌గ్రీవ్ కొండల జాతీయ పార్కు, దక్షిణ ఆస్ట్రేలియా.

అయ్యా,

విషయం: పార్కు కొత్త మ్యాపులో నీటిగుంటకు గుర్తుగా పెట్టిన 17వ నంబరు చుక్కను, దాని పక్కన అచ్చయిన నా పేరును తొలగించుట గురించి.

నేను ఈ పార్కులో ఇరవై ఆరేళ్లు గ్రేడరు నడిపి మట్టిదారులు చదును చేశాను. రిటైరై తొమ్మిదేళ్లయింది. బడి ఆరో తరగతితో ఆగింది. దినచర్య రాయడం మాత్రం ఏ రోజూ ఆగలేదు. ఎంత వాన పడింది, ఏ వాగు దారిని కోసేసింది, ఏ గుంటలో నీళ్లు ఏ నెల దాకా నిలిచాయి, అన్నీ ఉన్నాయి. మాట్లాడటం తక్కువ నాకు. ఈ అర్జీ నాలుగుసార్లు తిరగరాశాను.

1. సదరు నీటిగుంట నాది కాదు. ఈ కొండల మూలవాసి, మేమందరం డల్సీ ఆంటీ అని పిలిచే డల్సీ వారెన్ గారిది, వాళ్లమ్మ వైపు వాళ్లది. 1998 కరువులో గ్రేడరు చెడిపోయి నేను రెండు రోజులు కొండల్లో చిక్కుకుంటే, ఆవిడే వెతుక్కుంటూ వచ్చి, మూతగా ఉన్న రాయి జరిపి నీళ్లు చూపించింది. తిరిగొస్తూ, "దారి నీ కాళ్లకు తెలిస్తే చాలు. ఆ పుస్తకంలోకి ఎక్కించకు" అంది. నేను ఎక్కించాను. ఒక్క పేజీ. రాయకపోతే ఆ రోజు జరిగినట్టే అనిపించలేదు. ఇది నా తప్పేనని ముందుగా ఒప్పుకుంటున్నాను.

2. కిందటేడు జనవరిలో, నలభై ఆరు డిగ్రీల ఎండలో, ఒక యాత్రికురాలు తప్పిపోయింది. రెండో రోజు పొద్దున రేంజరు రాస్ డన్‌స్టన్ నా షెడ్డుకు వచ్చాడు. మాది పద్నాలుగేళ్ల స్నేహం.

"తూర్పు వైపు నీళ్లేమన్నా ఉన్నాయా, నీ పుస్తకంలో?"

నేను పుస్తకాన్ని బల్ల సొరుగులోకి తోశాను.

"మనిషి చచ్చిపోతుంది వార్విక్."

"పేజీ ఇస్తాను. ఆమె దొరగ్గానే నాకు తిరిగిచ్చేయాలి. ఇంకెవరూ చూడకూడదు."

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

ఉంది కనుక ఇచ్చాను. పేజీలో రాసిన ఎండు వాగు వెంట హెలికాప్టరు వెళ్తే, గుంట ఇంకా చాలా దూరం ఉండగానే ఆమె ఒక చెట్టు కింద ప్రాణాలతో దొరికింది. గుంట దాకా ఎవరూ వెళ్లలేదు. పేజీ మర్నాడే నా చేతికొచ్చింది. అప్పటికే దాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నారన్న సంగతి నాకు తెలియదు.

3. ఈ ఏప్రిల్లో కొత్త మ్యాపు వచ్చింది. ఆ ఫోటో చూసి వేసిన 17వ నంబరు, నీలం చుక్క, "పెంగెలీ నీటిగుంట". రాస్ దాన్ని పుట్టినరోజు కానుకలా కవరులో పెట్టి తెచ్చాడు. "అందరికీ పోయాక పేరు పెడతారు. నీకు ఉండగానే పెట్టించాను చూడు" అని నవ్వాడు. అతను నన్ను గౌరవించాననే అనుకుంటున్నాడు. అందుచేత అతన్ని తిట్టడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

4. తదుపరి, సరుకుల కొట్టులో ఆంటీ మేనల్లుడు కెల్విన్ నా వెనక నిలబడి, "పెంగెలీ గారూ, తమరి నీళ్లు మా అత్తకొక సీసా ఇప్పిస్తారా? ముసల్దానికి దప్పికగా ఉందట" అన్నాడు. కొట్టంతా నవ్వింది. పక్కనే ఉన్న ఆంటీ నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి, పిండి సంచి మీద అక్షరాలు చదువుతూ నిలబడింది. ఏప్రిల్ నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

5. చుక్క పెట్టిన చోటు తప్పు. అక్కడ ఏ కాలంలోనూ నీళ్లుండవు. ఎంత తప్పో, ఎటువైపు తప్పో ఇందులో రాయను. రాయడం వల్లే ఇంత దాకా వచ్చింది. కానీ జనం ఆ చుక్కను నమ్మి తలా ఒక సీసాతో బయల్దేరుతున్నారు. జూన్‌లో ఒక జంటను ఆపాను.

"మీ దగ్గరున్న నీళ్లు ఇంతేనా?"

"అక్కడున్నాయి కదా తాతా. మ్యాపు చూడు, పెంగెలీ అని."

"పెంగెలీ మాట నమ్మకండి" అన్నాను.

ఆ అబ్బాయి అమ్మాయికి కన్నుగీటి బండి ముందుకు పోనిచ్చాడు. అప్పటి నుంచి వారానికొకసారి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు మోసుకెళ్లి, చుక్క ఉన్న చోట రాతినీడలో పెట్టి వస్తున్నాను. నాకు డెబ్బై ఒకటి. ఇది చలికాలం కనుక సరిపోతోంది. అక్టోబరు దాటితే సరిపోదు.

6. సెప్టెంబరు 12న గుంట దగ్గర నా పేరిట ఫలకం బిగిస్తారనీ, చుక్క ఉన్న చోట గుంట సిబ్బందికి కనబడనందున నేనే దారి చూపవలెననీ తమ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రాను. చూపను.

కావున తమరు దయవుంచి, ఎండలు ముదిరేలోగా ఆ చుక్కనూ పేరునూ తీయించి, అమ్మకానికి పెట్టిన మ్యాపులను వెనక్కి రప్పించి, ఆ ఫోటోను డల్సీ ఆంటీ కళ్లముందే చెరిపించవలెనని నా ప్రార్థన. ఈ మనవి చిత్తగించవలెను. జవాబు ఉత్తరంగా అక్కర్లేదు, కొత్త మ్యాపుగా పంపితే చాలు.

ఇన్నాళ్లూ తమ విధేయుడు,
వార్విక్ పెంగెలీ
టిల్లీస్ క్రాసింగ్, ఆగస్టు 3.

తా.క.: పంపేముందు ఆంటీ వినాలనిపించి, నిన్న ఇది పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కెల్విన్ అడ్డు చెప్పలేదు. ఆవిడ వరండాలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. ఆరు అంశాలూ చదివాను. ఆవిడ నన్ను మధ్యలో ఆపలేదు. చదవడం అయ్యాక ఇంకో రెండు దుంపలు చెక్కింది.

"ఆ పిల్ల తప్పిపోయిన రోజు నేనెక్కడున్నాను?"

"ఇక్కడే, ఆంటీ."

"మీ షెడ్డు నుంచి ఎంత దూరం?"

"బండిలో నలభై నిమిషాలు."

"నన్నొక్క మాట అడిగుంటే నేనే తీసుకెళ్లేదాన్ని కదయ్యా."

 ఆవిడ మాటను ఏ నంబరు కింద చేర్చాలో, ఎవరి మీద ఫిర్యాదుగా రాయాలో తెలియక ఇక్కడ రాశాను.